పెద్దల సభకు రెండు జన్మలు

1984 మార్చి 28. హైదరాబాద్‌లో ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. నగర పోలీసు కమిషనర్ కె.విజయరామారావు సోమాజిగూడలోని ఈనాడు కార్యాలయానికి స్వయంగా వచ్చారు. ఆయన వచ్చింది పత్రిక ప్రధాన సంపాదకుడు రామోజీరావును తీసుకెళ్లడానికి. దొంగతనం కేసు కాదు, దొమ్మీ కేసు కాదు. ఆ సంపాదకుణ్ని శాసనమండలి ముందు నిలబెట్టాలి, సభ ఆయన్ని మందలించాలి. కమిషనర్ చేతిలో ఉన్న ఆదేశం అదీ.

ఇటు సంపాదకుడి దగ్గర కూడా ఒక కాగితం ఉంది. అది సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు. ఆయన్ని అరెస్టు చేయవద్దని అందులో ఉంది.

ఆ గదిలో నిలబడ్డ పోలీసు అధికారి ఇరకాటం ఒక్కసారి ఊహించండి. అరెస్టు చేస్తే కోర్టు ధిక్కారం. చేయకపోతే సభా ధిక్కారం. ఒక కాగితం మీద చట్టాలు చేసే సభ అధికారం, రెండో కాగితం మీద చట్టాలకు అర్థం చెప్పే న్యాయస్థానం అధికారం. రాజ్యాంగం ఈ రెంటినీ ఎవరి హద్దుల్లో వాళ్లను ఉండమంది. ఆ రోజు రెండు హద్దులూ ఒక పత్రికాఫీసులో వచ్చి ఢీకొన్నాయి. రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టి చూసింది.

కమిషనర్ ఉత్తర్వు చూసి, అరెస్టు చేయకుండా వెనుదిరిగారు.

ఇంత రగడకూ మూలం ఒక్క మాట. ఏడాది కిందట, 1983 మార్చిలో, ఆ పత్రిక మండలిలో జరిగిన గొడవను వార్తగా రాసి పెట్టిన శీర్షికలోని మాట.

‘పెద్దల గలభా’.

గలభా అంటే తిట్టు కాదు. పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తుంటే ‘ఏంట్రా ఆ గలభా’ అని అమ్మ వంటింట్లోంచి కేకేస్తుంది. సంతలో, జాతరలో, పెళ్లిపందిట్లో భోజనాల దగ్గర గలభా లేకపోతేనే వింత. అయితే ఆ శీర్షికలో గలభాకు ముందు ‘పెద్దలు’ ఉన్నారు. మండలికి జనం పెట్టుకున్న పేరు పెద్దల సభ. పెద్దరికం అంటే మన ఊళ్లలో రచ్చబండ దగ్గర గొంతు పెంచకుండా మాట్లాడేవాడిది. ఆ రెండు మాటలూ పక్కపక్కన పడేసరికి సభ్యులకు గుచ్చుకుంది. సభా హక్కులకు భంగం కలిగిందన్నారు. విషయం హక్కుల సంఘానికి వెళ్లింది. సంఘం తప్పు పట్టింది. పిలిపించి మందలించాలని సభ నిర్ణయించింది. అప్పుడు అధ్యక్షస్థానంలో ఉన్నవారు సయ్యద్ ముకస్సిర్ షా.

శాసనసభల హక్కులు రాజ్యాంగం 194వ అధికరణలో ఉన్నాయి. ఆ హక్కులేమిటో విడమరిచి చెప్పే చట్టం మాత్రం మన సభలు చేసుకోలేదు. బ్రిటన్ కామన్స్ సభకు ఏవి ఉన్నాయో మనకూ అవే అని మొదట్లో రాసుకున్నారు, అక్కడితో ఆగిపోయారు. అందుకే ఎప్పుడు తగాదా వచ్చినా కొత్తగా వచ్చినట్టే ఉంటుంది. అంతకు 20 ఏళ్ల ముందు, 1964లో, ఉత్తరప్రదేశ్‌లో ఇంతకంటే పెద్ద రభసే జరిగింది. సభ జైలుకు పంపిన కేశవ్‌సింగ్ అనే వ్యక్తికి హైకోర్టు బెయిలిచ్చింది. బెయిలిచ్చిన ఇద్దరు న్యాయమూర్తులనే పట్టి తెమ్మని శాసనసభ ఆదేశించింది. చివరికి రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా కోరితే ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూర్చోవాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో అంత దాకా పోలేదు. ఎన్టీ రామారావు ప్రభుత్వం చొరవతో సభా సమావేశాలకు అర్ధంతరంగా తెర పడింది. మందలింపు జరగలేదు. మరుసటి ఏడాది మందలించాల్సిన సభే లేకుండా పోయింది.

నాకు ఈ ఉదంతంలో బాధ కలిగించేది ఒకటుంది. ఒక రాష్ట్రపు ఎగువసభ, తనకున్న అన్నిటికన్నా పెద్ద ఆయుధాన్ని ఏ అన్యాయమైన బిల్లు మీదో తీయలేదు. ఒక శీర్షిక మీద తీసింది. సభ గౌరవం శీర్షికలో ఉండదు. సభలో చేసిన పనిలో ఉంటుంది. ఆ పని ఏమిటో తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి.

* * *

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నెల తిరగ్గానే, డిసెంబరు 5న, మాకు ఎగువసభ కావాలని శాసనసభ తీర్మానం చేసింది. పార్లమెంటు 1957లో చట్టం చేసింది. 1958 జులై 8న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మండలిని ప్రారంభించారు. మొత్తం 90 స్థానాలు.

తొలి అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు. అప్పటికి ఆయనకు 73 ఏళ్లు. నిజాం ఏలుబడిలో తెలుగు మాట్లాడితేనే చిన్నచూపు చూసే రోజుల్లో గ్రంథాలయాలు పెట్టించి, హైదరాబాద్‌లో తెలుగు ఆడపిల్లల కోసం బడి నిలబెట్టి, ఆంధ్ర పితామహుడని పేరు తెచ్చుకున్న మనిషి. పెద్దల సభకు పెద్దాయన అంటే అలా ఉండాలి. ఆయన కూర్చుంటే కుర్చీకే నిండుతనం వచ్చింది.

మండలిలోకి ఎవరెలా రావాలో 171వ అధికరణ చెబుతుంది. మూడో వంతు సభ్యుల్ని స్థానిక సంస్థలు ఎన్నుకుంటాయి. మరో మూడో వంతును ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. పన్నెండో వంతు పట్టభద్రులు, పన్నెండో వంతు ఉపాధ్యాయులు. మిగిలిన ఆరో వంతును గవర్నరు నామినేట్ చేస్తారు. సాహిత్యం, శాస్త్రం, కళ, సహకారోద్యమం, సంఘసేవ, వీటిలో ప్రత్యేక జ్ఞానమో అనుభవమో ఉన్నవారిని తీసుకోవాలి. ఓట్లడిగి గెలవలేని, గెలవాలని అనుకోని మనుషుల మాట కూడా చట్టం చేసేటప్పుడు వినపడాలన్నది దీని వెనక ఆలోచన.

మొదట్లో ఆ ఆలోచన నిలబడింది. 1958లోనే విశ్వనాథ సత్యనారాయణ మండలికి నామినేట్ అయ్యారు. 1964లో గుర్రం జాషువా వచ్చారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నా ఒళ్లు పులకరిస్తుంది. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు గబ్బిలంతో శివుడికి కబురు పంపినట్టు కావ్యం రాసిన కవి, తానే వెళ్లి చట్టాలు చేసే చోట కూర్చున్నారు. ఓట్ల రాజకీయంలో ఆ రోజుల్లో జాషువాకు టికెట్టు ఎవరిస్తారు? ఇచ్చినా గెలిపించే డబ్బెక్కడిది? మండలి అన్నది లేకపోతే ఆ కుర్చీ ఆయనకు దక్కేది కాదు. ఎగువసభ వద్దనేవాళ్లు ఈ ఒక్క దృశ్యానికి జవాబు చెప్పాలి.

అదే గుమ్మంలోంచి వేరే రకం రాకపోకలూ మొదటి నుంచీ ఉన్నాయి. అది కూడా చెప్పకపోతే సగం కథే చెప్పినట్టవుతుంది. మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి మాట. 1952 ఎన్నికల్లో 375 స్థానాల సభలో కాంగ్రెస్‌కు వచ్చింది 152. టంగుటూరి ప్రకాశం పంతులు ప్రతిపక్షాలన్నిటినీ కూడగట్టి, మెజారిటీ మాకుంది, ప్రభుత్వం మేం పెడతామన్నారు. గవర్నరు శ్రీప్రకాశ ఆయన్ని పిలవలేదు. ఎన్నికల్లో పోటీయే చేయని రాజాజీని మండలికి నామినేట్ చేశారు. ఏప్రిల్‌లో రాజాజీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నామినేషన్ చెల్లదని హైకోర్టుకు వెళ్లినా ఫలితం దక్కలేదు. జాషువా వచ్చిన తలుపూ, అధికారం దొడ్డిదారిన లోపలికొచ్చిన తలుపూ ఒక్కటే.

రాజ్యాంగం రాసినవాళ్లకు ఈ భయం ముందే ఉంది. రాష్ట్రాలకు ఎగువసభలు కావాలా వద్దా అన్నది ఆయా ప్రాంతాల ప్రతినిధుల్నే తేల్చుకోమన్నారు. మద్రాసు, బొంబాయి, బెంగాల్, బిహార్, యూపీ, తూర్పు పంజాబ్ కావాలన్నాయి. ఒరిస్సా, అస్సాం, మధ్య పరగణాలు వద్దన్నాయి. ఇది ప్రయోగంగా పెట్టుకుంటున్నదేనని డాక్టర్ అంబేడ్కర్ రాజ్యాంగ సభలోనే చెప్పారు. వద్దనుకుంటే తీసేసుకునే దారీ పెట్టారు. అదే ఇవాళ్టి 169వ అధికరణ. శాసనసభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మంది తీర్మానిస్తే, పార్లమెంటు మామూలు చట్టంతోనే మండలిని పుట్టించవచ్చు, తీసేయవచ్చు.

ప్రయోగం అన్నప్పుడు ఫలితం చూసి, లోపం ఉంటే సరిదిద్దుకోవాలి. మనం ఆ పని మాత్రం చేయలేదు.

* * *

1983 జనవరి 9న ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. పార్టీ పుట్టి తొమ్మిది నెలలే. 294 స్థానాల సభలో రెండు వందలకు పైగా తెలుగుదేశానివే. కానీ మండలిలో ఉన్నవాళ్లు పాత రోజుల్లో వచ్చినవాళ్లు. అక్కడ కాంగ్రెస్‌ది పైచేయి. కొత్త పార్టీకి చెప్పుకోదగ్గ బలమే లేదు. కింది సభలో గంటలో గడిచిన బిల్లు పై సభలో నిలబడిపోతుంది. జనం నాకు ఓటేశారు, మీరెవరు అడ్డుకోవడానికి అన్నది ముఖ్యమంత్రి వైపు వాదన. ఆ వాదనలో బలముంది, కాదనలేం.

ఆ మార్చిలోనే, పెద్దల గలభా అచ్చయిన నెలలోనే, మండలిని రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. ఢిల్లీలో ఇందిరాగాంధీ ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. తర్వాత 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దించడం, నెల రోజుల ఆందోళన, మళ్లీ సెప్టెంబరులో గద్దెనెక్కడం, 1985 మార్చిలో తిరిగి 202 స్థానాలతో గెలవడం అందరికీ తెలిసిన చరిత్రే. గెలిచిన నెలకే, ఏప్రిల్ 30న, రద్దు తీర్మానం మళ్లీ గడిచింది. ఈసారి రాజీవ్‌గాంధీ ప్రభుత్వం కాదనలేదు. పార్లమెంటు చట్టం చేసింది. జూన్ నెల వచ్చేసరికి మండలి లేదు. మాడపాటి కూర్చున్న కుర్చీ ఖాళీ అయింది.

మరుసటి ఏడాది తమిళనాడులోనూ మండలి పోయింది. బెంగాల్ 1969లోనే తీసేసుకుంది. ఆ కాలానికి ఎగువసభ అన్నది అరిగిపోయిన నాణెం.

మండలి లేని 22 ఏళ్లలో రాష్ట్రం ఆగిపోలేదు. అసెంబ్లీ ఒక్కటే చట్టాలు చేసింది, బడ్జెట్లు ఆమోదించింది. ఇది నిజం. అయితే ఆ కాలంలో ఒక బిల్లును తొందరపడకుండా రెండోసారి చూసే చోటు లేకపోయిందన్నదీ నిజం.

కాంగ్రెస్ 1989లో తిరిగొచ్చింది. 1990 జనవరి 22న మర్రి చెన్నారెడ్డి హయాంలో మండలిని పునరుద్ధరించాలని సభ తీర్మానించింది. రాజ్యసభ ఒప్పుకుంది. 1991లో లోక్‌సభ రద్దు కావడంతో అది అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత వై.ఎస్.రాజశేఖరరెడ్డి వచ్చాక 2004 జులై 8న ఇంకో తీర్మానం. పార్లమెంటులో 2005 డిసెంబరులో బిల్లు గడిచింది. 2007 ఏప్రిల్‌లో మండలికి రెండో జన్మ ఎత్తే యోగం పట్టింది.

ఆ రెండో జన్మ మొదట్లో మంచి ఘడియలే చూసింది. ఐఐటీ రామయ్యగా ఊరూరా తెలిసిన చుక్కా రామయ్య మాస్టారు మండలిలో కూర్చుని బడుల గురించి మాట్లాడారు. ప్రొఫెసర్ కె.నాగేశ్వర్ పట్టభద్రుల స్థానం నుంచి ఏ పార్టీ జెండా లేకుండా గెలిచి, అంకెలతో, ఆధారాలతో వాదించారు. పాఠం చెప్పినవాళ్లు పాఠం చెప్పినట్టే మాట్లాడితే మంత్రులు కూడా రాసుకుని రావాల్సి వచ్చేది.

* * *

2020 జనవరి 22. చెన్నారెడ్డి హయాంలోని తీర్మానానికి సరిగ్గా 30 ఏళ్లు నిండిన రోజు.

ఈసారి వేదిక హైదరాబాద్ కాదు, అమరావతి దగ్గర వెలగపూడి. రాష్ట్రం విడిపోయింది. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 స్థానాలు. శాసనసభలో 175కి 151 స్థానాలు వైఎస్సార్ కాంగ్రెస్‌వి. మండలిలో ఆ పార్టీకి ఉన్నది తొమ్మిది మంది. ఆధిక్యం తెలుగుదేశానిది. 1983 నాటి పరిస్థితే అచ్చుగుద్దినట్టు తిరిగొచ్చింది, పార్టీలు మాత్రం తారుమారయ్యాయి.

రెండు రోజుల ముందు, జనవరి 20న, రాజధానిని అమరావతి, విశాఖ, కర్నూలుకు పంచే మూడు రాజధానుల బిల్లునూ, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ రద్దు బిల్లునూ అసెంబ్లీ ఒక్క రోజులోనే ఆమోదించింది. రాజధాని కోసం 29 గ్రామాల రైతులు 30 వేల ఎకరాలకు పైగా భూసమీకరణలో ఇచ్చి ఉన్నారు. వాళ్ల బతుకు ఆ బిల్లు మీద ఉంది. మండలిలో ఏం జరుగుతుందో చూద్దామని మందడం, తుళ్లూరు శిబిరాల్లో జనం టీవీల ముందు కూర్చున్నారు. సభలో రభస ముదిరింది. మధ్యలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. తమ భూమి సంగతి తేలుస్తున్న సభ తమకు కనపడకుండా పోయిన ఆ గంటలు వాళ్లకెలా గడిచాయో వేరే చెప్పాలా?

లోపల 71వ నిబంధన కింద ప్రభుత్వ విధానాన్ని తప్పుపడుతూ తెలుగుదేశం తీర్మానం పెట్టింది. బిల్లుల్ని సెలెక్ట్ కమిటీకి పంపాలని పట్టుబట్టింది. మంత్రులు వల్లకాదన్నారు. గ్యాలరీలో చంద్రబాబు నాయుడు కూర్చుని చూస్తున్నారు. అధికార పార్టీ ముఖ్యులూ ఉన్నారు. నినాదాలు, వాదాలు, వాయిదాలు. పొద్దు గూకింది. రాత్రయింది. చివరికి చైర్మన్ ఎం.ఎ.షరీఫ్ 154వ నిబంధన కింద తనకున్న విచక్షణాధికారంతో రెండు బిల్లుల్నీ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. బిల్లుల్ని కమిటీకి పంపాలన్న నోటీసు నిబంధనల ప్రకారం సమయానికి రాలేదన్న అభ్యంతరమూ ఆ రాత్రే వచ్చింది. అందుకే ఆ నిర్ణయం సరైందా కాదా అన్నది ఇవాళ్టికీ వాదనే.

అయిదు రోజులు తిరిగాయి. జనవరి 27న మండలిని రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. అనుకూలంగా 133 ఓట్లు. ఏటా రూ.60 కోట్ల ఖర్చు, దేశంలో ఆరు రాష్ట్రాలకే మండళ్లున్నాయి, మనకెందుకన్నది ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి వాదన.

ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. మండలిని రద్దు చేసిన ఎన్టీఆర్ పార్టీ మండలిని కాపాడాలని నిలబడింది. మండలిని తిరిగి తెచ్చిన వైఎస్సార్ కుమారుడు దాన్ని తీసేయాలని నిలబడ్డారు. ఎవరి మాట అబద్ధమని నేననను. ఎవరి అవసరం వాళ్లకు అలా మాట్లాడించింది. మండలి మంచి చెడ్డల మీద ఆ రెండు సందర్భాల్లోనూ ఎవరూ ఓటేయలేదు.

కమిటీ ఏర్పడనే లేదు. కమిటీ వేయమని చైర్మన్ పంపిన దస్త్రాన్ని శాసనసభా కార్యదర్శి తిప్పి పంపారు. జూన్‌లో అవే బిల్లులు రెండోసారి మండలికి వచ్చాయి. జూన్ 17న మళ్లీ గలభా, సభ నిరవధిక వాయిదా. ఆ రోజు ద్రవ్య వినిమయ బిల్లు కూడా ఆమోదం పొందలేదు. ద్రవ్య బిల్లును మండలి 14 రోజులకు మించి ఆపలేదు, అది రాజ్యాంగం పెట్టిన గడువు. ఆ గడువు తీరేదాకా ఖజానా తలుపు తెరుచుకోలేదు. జులై ఒకటో తారీకున ఉద్యోగుల ఫోన్లకు జీతం పడ్డ సందేశం రాలేదు. ఈ పార్టీనో ఆ పార్టీనో తిట్టుకుంటూ ఇంటి వాయిదా ఎలా కట్టాలా అని ఆ వారం వాళ్లు లెక్కలేసుకున్నారు. ఎగువసభ తగాదా ఎక్కడో పైన ఉండదు, మన వంటింటి డబ్బా దాకా వస్తుంది.

నెల గడువు తీరాక రాజధాని బిల్లులు గడిచినట్టే లెక్క అయ్యాయి. జులై 31న గవర్నరు సంతకం చేశారు. అంతా అయిపోయిందనుకున్నారు. మరుసటి ఏడాది మండలిలో పాత సభ్యుల గడువు తీరి, ఖాళీలు భర్తీ అవుతూ వచ్చి, బలాలు మారాయి. 2021 నవంబరు 19న కొయ్యే మోషేన్‌రాజు చైర్మన్ అయ్యారు. ఆంధ్రప్రదేశ్ మండలికి తొలి దళిత చైర్మన్. నవంబరు 22న ప్రభుత్వం మూడు రాజధానుల చట్టాన్ని వెనక్కి తీసుకుంది. నవంబరు 23న మండలి రద్దు తీర్మానాన్నీ వెనక్కి తీసుకుంది. తీసేద్దామన్న సభ ఇప్పుడు ఉంచుకోదగ్గదైంది. మధ్యలో మారింది సభ కాదు, సభలో లెక్క.

* * *

మండలికున్న అసలు బలం ఎంతో చాలామందికి తెలియదు. ఒక బిల్లును మొదటిసారి మూడు నెలలు ఆపగలదు. అసెంబ్లీ మళ్లీ పంపితే ఇంకో నెల. అంతే. నాలుగు నెలల ఆలస్యం తప్ప దాని చేతిలో ఏమీ లేదు. ప్రభుత్వాన్ని పడగొట్టలేదు, బడ్జెట్‌ను తోసిపుచ్చలేదు. ఈ ఏర్పాటు వెనక ఉన్నది 1911లో బ్రిటన్ తన ప్రభువుల సభకు ముకుతాడు వేసిన పద్ధతి. ఎన్నికైన సభ మాటే చివరికి నెగ్గాలి, కానీ అడిగేవాడు ఒకడుండాలి.

ఆ నాలుగు నెలల్ని వాడుకోవడం తెలిసినవాళ్లు లోపల ఉంటే అది చిన్న బలం కాదు. ఒక బిల్లును రైతు చదవగలడు, న్యాయవాది చదవగలడు, పత్రిక విడమరిచి రాయగలదు. సెలెక్ట్ కమిటీ అంటే అదే కదా. సంబంధించినవాళ్లను పిలిచి, కూర్చోబెట్టి, అడిగి, రాసుకోవడం. 2020 జనవరిలో ఆ కమిటీ నిజంగా ఏర్పడి, మందడం రైతునూ, కర్నూలు న్యాయవాదినీ, విశాఖ వ్యాపారినీ ఒకే గదిలో కూర్చోబెట్టి విని ఉంటే రాష్ట్రానికి ఎంత మేలు జరిగేదో!

మరి లోపలికి ఎవరు వెళుతున్నారు? స్థానిక సంస్థల ఎన్నిక వచ్చిందంటే ఎంపీటీసీలూ కౌన్సిలర్లూ బస్సులెక్కి క్యాంపులకు పోవడం చూస్తూనే ఉన్నాం. పోలింగ్ నాటికి నేరుగా కేంద్రం దగ్గర దిగుతారు. ఎమ్మెల్యే కోటా పార్టీల్లో అసంతృప్తులకు ఊరడింపు. గవర్నరు కోటా సంగతి కోర్టుల దాకా వెళ్లింది. 2023 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం పంపిన రెండు పేర్లను, 171వ అధికరణ చెప్పిన అర్హతలు లేవని గవర్నరు తిప్పి పంపారు. జాషువా కూర్చున్న కోటా అది.

పట్టభద్రుల స్థానాల్లో ఓటరుకు డిగ్రీ ఉండాలి. అభ్యర్థికి మాత్రం డిగ్రీ ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. 2021 మార్చిలో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ స్థానానికి 93 మంది పోటీ చేశారు. బ్యాలెట్టు దినపత్రిక పేజీ అంత. దాన్ని మడవడానికే రెండు చేతులు చాల్లేదు. పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో పేరు ఎదురుగా 1, 2, 3 అని అంకె వేయాలి. చాలామంది టిక్కు పెట్టారు, కొందరు సంతకం చేశారు. డిగ్రీ చదివినవాళ్ల ఓట్లలో చెల్లనివి వేలల్లో తేలాయి. లెక్కింపు రోజుల తరబడి సాగింది. ఓటరుకు ఈ పద్ధతి సరిగా చేరలేదు.

రాజస్థాన్, అస్సాం మండళ్ల బిల్లుల్ని పరిశీలించిన పార్లమెంటరీ సంఘం ఇదివరకే ఒక మాట చెప్పింది. ఎగువసభ ఉనికి వచ్చిపోయే ప్రభుత్వాల ఇష్టాయిష్టాల మీద ఉండకూడదు, దీనికి దేశమంతటికీ ఒక జాతీయ విధానం కావాలి అని. ఆ విధానం రాలేదు. నా మాట కూడా అదే. మండలిని ఉంచాలి. దాని మెడ మీద వేలాడే రద్దు కత్తి తీసేయాలి. అదే చేత్తో నామినేషన్లకు పేర్లు ముందుగా ప్రజల ముందు పెట్టాలి. ఏ వృత్తులకు చోటు లేదో చూసుకోవాలి. టీచరుకు స్థానం ఉంది, మంచిదే. నేతపనివాడికి, కౌలురైతుకు, ఆసుపత్రి నర్సుకు ఎందుకు లేదు? 1950లో పట్టభద్రుడంటే ఊరికొక్కడు. ఇవాళ ఇంటికొకరు. అప్పటి కొలతతో ఇప్పటి చొక్కా కుట్టడం ఇంకెన్నాళ్లు?

అది జరగాలంటే పార్లమెంటు కదలాలి, కాలం పడుతుంది. ఈలోపు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. డిగ్రీ చేతికొచ్చి మూడేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ మండలి ఓటు హక్కు ఉంది. అసెంబ్లీ జాబితాలో పేరుంది కదా అని ఊరుకుంటే కుదరదు, ఇది వేరే జాబితా. కిందటిసారి ఓటేశాం కదా అంటే అదీ కుదరదు. ప్రతి ఎన్నికకూ జాబితా మొదటి నుంచి కొత్తగా రాస్తారు. పట్టభద్రులకు ఫారం 18, ఉపాధ్యాయులకు ఫారం 19. నవంబరు 1ని అర్హత తేదీగా తీసుకుంటారు. ఈసారి ప్రకటన వచ్చిన రోజే ఆ కాగితం నింపి ఇవ్వండి.